మా ఊరికి ప్లాస్టిక్ రోడ్డట, నమ్మొచ్చా? వేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

పల్నాటి కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది రెంటచింతల దగ్గర పల్లెటూరు. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి వచ్చే రెండున్నర కిలోమీటర్ల రోడ్డుకి ఇన్నాళ్లకు మళ్లీ బీటీ (తారు) పడబోతోంది. కాంట్రాక్టర్ మనుషులు వచ్చి "ఇది మామూలు తారు రోడ్డు కాదు, ప్లాస్టిక్ రోడ్డు, పదేళ్లు కదలదు" అని చెప్పిపోయారు. మా నాన్నది ఒకటే మాట: "మే నెలలో చెప్పులు అతుక్కునే తారులో ప్లాస్టిక్ కూడా పోస్తే ఇంక బండి టైర్లు ఊడొస్తాయా?" మా బాబాయేమో బిల్లు పెంచుకోడానికి కొత్త పేరు కనిపెట్టారంటాడు. నాకు తెలిసిందల్లా యూట్యూబ్ వీడియోలే. ఇది నిజంగా పనిచేసేదేనా? పని జరిగేటప్పుడు మాలాంటి వాళ్లు నిలబడి చూస్తే తెలిసేదేమైనా ఉందా? వెడల్పు 3.75 మీటర్లు. కింద అంతా నల్లరేగడి.

గాలిమాట
రోడ్డు పొడుగునా క్యారీ బ్యాగులు పరిచి పైన రోలర్ తిప్పుతారు తమ్ముడూ. మా పేటలో ఆల్రెడీ అలాగే ఉంది, రోలర్ ఒక్కటే రాలేదు 😀

అడ్మిన్
గాలిమాట గారూ, జోకు బాగుంది. తెలిసినవాళ్లు రాస్తారు, కాస్త ఆగుదాం.

రిటైర్డ్ డీఈ
బాబూ, మీ నాన్నగారి అనుమానం నుంచే మొదలుపెడతాను. మన దగ్గర ఎక్కువగా వాడే తారు వీజీ-30 అనే రకం. దాని మెత్తబడే ఉష్ణోగ్రత కనీసం 47 డిగ్రీలుండాలని తారుకున్న భారత ప్రమాణం ఐఎస్ 73 అంటుంది. మీ రెంటచింతలలో గాలే 45 దాటుతుంది. నల్లటి రోడ్డు పైపొర అరవై పైకి పోతుంది. కాబట్టి చెప్పులు అతుక్కోవడం తారు పుణ్యమే. పాలిథిన్ కరగాలంటే సుమారు 110 డిగ్రీలు కావాలి. ఎండకి ఆ వేడి రాదు. ప్లాస్టిక్ సరిగ్గా పట్టిన రోడ్డు ఎండకు ఇంకాస్త గట్టిగానే ఉంటుంది, చక్రాల గాడి పడటం తగ్గుతుంది.

రెండోది, ఎంత ప్లాస్టిక్? మీ రోడ్డుకే లెక్క వేద్దాం. 3.75 మీటర్ల వెడల్పు, పైపొర 25 మి.మీ. మందం అనుకుంటే కిలోమీటరుకి దాదాపు 94 ఘనపు మీటర్లు. బరువులో 215 టన్నుల చిల్లర. అందులో తారు 5 శాతం అంటే పదిన్నర, పదకొండు టన్నులు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) వాళ్ల ఎస్‌పీ 98 మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టిక్ ఆ తారు బరువులో 6 నుంచి 8 శాతం. అంటే కిలోమీటరుకి 650 నుంచి 850 కిలోలు. మీ రోడ్డు మొత్తానికి ఒకటిన్నర నుంచి రెండు టన్నుల చిల్లర. మిగతాదంతా ఎప్పటిలాగే కంకర, తారు. ఆ మేరకు తారు తగ్గుతుంది కాబట్టి బిల్లు పెరగడానికి కారణం లేదు. మీ బాబాయికి ఆ మాట చెప్పండి.

బీటెక్ సివిల్ కాకినాడ
సార్, మాకు సెమినార్‌లో ఈ టాపిక్ వచ్చింది. మధురైలో త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారు కదా కనిపెట్టింది? 2002లో కాలేజీ ఆవరణలోనే మొదటి రోడ్డు వేశారని, 2006లో పేటెంట్ అని, 2018లో పద్మశ్రీ అని చదివాను. నా డౌటు ఏంటంటే, ప్లాస్టిక్‌ని తారులో కలపకుండా రాయి మీద ఎందుకు చల్లుతారు?

కెమిస్ట్రీ మేడం
ఆయన చేసిన అసలు పని అదే. ప్లాస్టిక్‌ని తారు పీపాలో వేసి కలిపితే రెండూ సరిగ్గా కలవవు. నిలవ ఉంచితే తేలికైన పాలిథిన్ పైకి తేలుతుంది. కలిసే ఉండాలంటే ప్రత్యేకమైన మిల్లు కావాలి. దాన్ని తడి పద్ధతి అంటారు. మధురైది పొడి పద్ధతి. కంకరను 160–170 డిగ్రీలకు వేడి చేసి, దానిమీద తురిమిన ప్లాస్టిక్ చల్లుతారు. అరనిమిషం, ముప్పావు నిమిషంలో కరిగి రాయికి అట్టు మీద నూనెలా పల్చగా అంటుకుంటుంది. ఆ తర్వాతే తారు పోస్తారు.

దీంతో లాభం ఎక్కడొస్తుందంటే, రాయికి సహజంగా నీళ్లంటే ఇష్టం, తారంటే కాదు. వాననీరు చొరబడితే రాయిని పట్టుకుని తారును వదిలిస్తుంది. కంకర చిప్స్ లేచిపోవడం, గుంత మొదలవడం అక్కడే. ప్లాస్టిక్ పొర కట్టిన రాయి నీళ్లు పీల్చదు, తారు మాత్రం ఆ పొరకు బాగా అతుక్కుంటుంది. కాస్త నాసిరకం, నీళ్లు తాగే కంకర కూడా మెరుగుపడుతుంది. ఇది ప్రయోగశాలలో తేలిగ్గా చూడొచ్చు. తారు పట్టిన కంకరను 40 డిగ్రీల నీళ్లలో 24 గంటలు ఉంచి ఎంత ఊడిందో చూస్తారు. ప్లాస్టిక్ పట్టిన రాయికి ఊడటం దాదాపు ఉండదు.

గాలిమాట
మేడం, అన్నీ బాగానే ఉన్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఉన్న టెక్నాలజీ అయితే మన రోడ్లు ఇంకా ఇలా ఎందుకున్నాయి?

రిటైర్డ్ డీఈ
మంచి ప్రశ్నే. కాగితం మీద కొరత లేదు. 2013లో ఐఆర్‌సీ ఎస్‌పీ 98 వచ్చింది. 2015 నవంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ, 5 లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు 50 కిలోమీటర్ల లోపు జాతీయ రహదారుల పైపొరల్లో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని చెప్పింది. మన దగ్గర హైదరాబాద్, విశాఖ, విజయవాడ, గుంటూరు, వరంగల్ చుట్టుపక్కల రోడ్లు దీని కిందికే వస్తాయి. గ్రామీణ సడక్ యోజన పనుల్లోనూ మార్గదర్శకాలున్నాయి. చెన్నై జంబులింగం వీధి లాంటి తొలినాళ్ల రోడ్లను సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 2008లో పరిశీలించి, నాలుగేళ్లు దాటినా గుంతలు, గాడులు పడలేదని రాసింది. జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ల పట్టణ సేవల సంస్థ జుస్కో (తర్వాత పేరు టాటా స్టీల్ యూఐఎస్ఎల్) 2011లోనే వేయడం మొదలుపెట్టింది.

మరి లోపం ఎక్కడ అంటే, కంకర, తారు కలిపే ప్లాంట్ దగ్గరికి శుభ్రమైన ప్లాస్టిక్ రాదు. దాని గురించి చెత్త వేరుచేసే చోట పనిచేసే వాళ్లు చెప్తేనే బాగుంటుంది. ఇక్కడ ఒకరున్నారుగా?

చెత్తబండి
ఉన్న సార్. మాది కరీంనగర్ దిక్కు. పొడి చెత్త సెంటర్ చూసుకుంటున్న.

అందరు "చెత్తల ప్లాస్టిక్ మస్తుంది గద, తీసుకపోయి రోడ్డుల ఎయ్యిరి" అంటరు. మా దగ్గరికొచ్చి ఒక్క పూట నిలవడుర్రి, తెలుస్తది. ఇంట్ల నుంచి వచ్చే కవర్ల పచ్చడుంటది, పప్పుంటది, పిల్లల డైపర్లుంటయి. మట్టి, ఇసుక ఒక్క శాతం దాటద్దని రూలు. మా బండిల వచ్చేది కడగకుంటే దానికి దగ్గర్ల గూడ రాదు. కడగాలంటే నీళ్లు గావాలె, ఆరవెయ్య జాగ గావాలె. తడి ముక్క వేడి కంకర మీద పడితే బుస్సుమంటది. ఇసుకున్నదనుకో, తురిమే ష్రెడ్డర్ బ్లేడ్లు వారానికే మొద్దువడుతయి.

ఇంకోటి. మంచిగ కరిగే మాల్ అంటే పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు. అవి మా దాక వస్తయా? పాత సామాన్లోళ్లు ముందుగాలనే కిలోకింతని కొనుక్కపోతరు. మాకు మిగిలేవి చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, ఎవ్వలు కొననియి. అవి గూడ రోడ్డుకు పనికొస్తయట గద మేడం? అయినా ఎవ్వలొచ్చి అడగరు. సిమెంటు ఫ్యాక్టరీలోళ్లు మాత్రం బొగ్గు బదులు కాల్చేతందుకు లారీ పంపుతరు. కడుగుడు లేదు, కటింగు లేదు. వాళ్లకు పోతే మాకు గోదాము ఖాళీ. రోడ్డు కాంట్రాక్టరేమో సీజన్ల రెండు టన్నులు అడిగి మల్ల కనవడడు.

బెంగళూరుల ఖాన్ అన్నదమ్ములు చిత్తు ఏరెటోళ్ల దగ్గర పైసలిచ్చి కవర్లు కొని రోడ్లకు పంపిన్రని చదివిన. పైసలిస్తె మాల్ దానంతటదే వస్తది. ఊకె ఇయ్యిరి, సమాజ సేవ అంటె ఎవ్వడిస్తడు?

కెమిస్ట్రీ మేడం
చెత్తబండి అన్నా, మీరన్నది కరెక్ట్. చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లలాంటి లామినేటెడ్ ఫిల్మ్, అల్యూమినియం పూత ఉన్నదైనా, 60 మైక్రాన్ల లోపు ఉంటే వాడొచ్చని మార్గదర్శకాల్లో ఉంది. ఎవరూ కొననిది రోడ్డులోకి పోవడమే దీని అసలు ప్రయోజనం.

ఏవి పోకూడదో కూడా చెప్తాను, కుర్రోడు గారికి పనికొస్తుంది.

పీవీసీ అస్సలు వద్దు. వేడి తగిలితే అందులోంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిగా వస్తుంది. ప్లాంట్ దగ్గర పనిచేసేవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, యంత్రమూ తుప్పు పడుతుంది. పీవీసీ అంటే పైపులే అనుకుంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలంటూ సెంటర్లో కట్టే ఫ్లెక్సీలు కూడా అదే. ఎలక్షన్ అయ్యాక గుట్టలుగా దొరుకుతాయి కాబట్టి కత్తిరించి బస్తాల్లో కలిపేయాలని ఎవరికైనా అనిపిస్తుంది.

నీళ్ల బాటిళ్లు, అంటే పెట్, 250 డిగ్రీలు దాటితే గానీ కరగవు. 165 డిగ్రీల కంకర మీద అవి ముక్కలుగానే ఉండిపోతాయి, రాయికి పొర కట్టవు. పైగా బాటిళ్లకు మంచి రీసైక్లింగ్ ధర ఉంది. వాటిని రోడ్డులో పారేయడం దండగ.

బీటెక్ సివిల్ కాకినాడ
మేడం, మరి పాలిథిన్ కరిగినప్పుడు విషవాయువులు రావా? మా సెమినార్‌లో అందరూ ఇదే అడిగారు.

కెమిస్ట్రీ మేడం
కరగడం వేరు, కాలడం వేరు. పాలిథిన్, పాలీప్రొపిలీన్ 180 లోపు మెత్తబడి కరుగుతాయి, విరిగిపోవు. 250 దాటాక విచ్ఛిన్నం మొదలవుతుంది. కాబట్టి అంతా థర్మామీటర్ మీద ఉంది. "సుమారుగా" వేడి చేసే ప్లాంట్‌లో నా హామీ ఏమీ లేదు.

హాట్‌మిక్స్ మామ
మేడం చివర్లో అన్నమాట దగ్గర నేను అందుకుంటాను. ప్లాంట్ల మీదే నా బతుకంతా గడిచింది.

బ్యాచ్ ప్లాంట్ అయితే పేచీ లేదు. వేడి కంకర తూకమై మిక్సర్లో పడుతుంది. అప్పుడు ప్లాస్టిక్ వేసి కాస్త తిప్పి, తర్వాత తారు వదులుతాం. తూకం కచ్చితంగా వస్తుంది. మన పల్లెటూరి పనులకు ఎక్కువగా తిరిగేది డ్రమ్ మిక్స్ ప్లాంట్లు, మినీ ప్లాంట్లు. డ్రమ్ములో ఒక పక్క బర్నర్ మంట, ఇంకో పక్క తారు. ప్లాస్టిక్ మంట వైపు పడిందంటే కాలి నల్లటి పొగై పోతుంది. కంకర వేడెక్కి మంట దాటాక, తారు తగలకముందు పడాలి. దానికి పక్కనుంచి బెల్టో, బ్లోయరో ఉండాలి. చాలాచోట్ల ఏం ఉంటుందంటే ఒక కుర్రాడు, ఒక బస్తా, ఒక ప్లాస్టిక్ మగ్గు. వాడు బీడీ కాల్చుకోడానికి పక్కకెళ్తే ఆ పది నిమిషాల మాలులో ప్లాస్టిక్ సున్నా. వచ్చాక రెండు మగ్గులు ఎక్కువేస్తాడు. అలాంటి చోట రోడ్డు ఒక గజం ఒకలా, ఇంకో గజం ఇంకోలా వస్తుంది.

ముక్క సైజు కూడా చూడాలి. నువ్వుగింజ, బియ్యంగింజ అంత ఉంటే పొరలా పడుతుంది. అరచేతి సైజు పీలికలు వస్తే ఉండ కట్టేస్తాయి, మాలు పరిచే పేవర్ వెనక గీతలు పడతాయి. నేను చూశాను, రోడ్డు మీద రోలర్ పోయాక కూడా బిస్కెట్ కంపెనీ పేరు చదువుకోవచ్చు.

గాలిమాట
మామా 🤣 అయితే నా మొదటి కామెంట్ మరీ అబద్ధం కాదన్నమాట.

ఒంగోలు టిప్పర్
ఇక్కడ అందరూ కాంట్రాక్టర్‌నే తిడుతున్నారు గానీ ఒక్క మాట. ప్లాస్టిక్ తెచ్చుకోమంటారు, ఎక్కడ దొరుకుతుందో చెప్పరు. మున్సిపాలిటీకి పోతే లెటర్ తెమ్మంటారు. ష్రెడ్ చేసింది తయారుగా కొనాలంటే దూరం నుంచి రవాణా. పల్చటి క్యారీ బ్యాగులు బ్యాన్, 2022 డిసెంబరు ఆఖరు నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్నారు. రోడ్డుకేమో 60 లోపు కావాలంటారు. మిగిలిందల్లా ప్యాకింగ్ కవర్లే. ఇదంతా చిన్న కాంట్రాక్టర్ మీద పడేస్తే వాడు మొక్కుబడిగా నాలుగు బస్తాలు ఫోటో కోసం పెట్టుకోక ఏం చేస్తాడు?

చెత్తబండి
అన్నా, నీ తాన మాల్ లేదంటవు, నా తాన గోదాము నిండిందంటున్న. నడుమ ఎవడో ఉండాలె గద. ఆ నడుమనే ఎవ్వడు లేడు.

రిటైర్డ్ డీఈ
టిప్పర్ గారి మాటలో న్యాయం ఉంది. కానీ ఫోటో బస్తాల వల్ల వచ్చే నష్టం మామూలుది కాదు. ప్లాస్టిక్ వేస్తున్నామని 8 శాతం తారు తగ్గించి, ప్లాస్టిక్ వేయకపోతే ఆ రోడ్డు మామూలు బీటీ కంటే అధ్వాన్నం. తారు లోటు అక్కడే ఉండిపోతుంది, పూడ్చేది ఏదీ ఉండదు. మీ దగ్గర జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇదే. బయటికి రంగులో, వాసనలో తేడా తెలియదు.

బీటెక్ సివిల్ కాకినాడ
మరి తర్వాత టెస్ట్‌లో దొరకదా సార్? రోడ్డులోంచి ముక్క (కోర్) కట్ చేసి తారు శాతం తీస్తారుగా.

కెమిస్ట్రీ మేడం
మామూలు ఎక్స్‌ట్రాక్షన్‌లో తారు సాల్వెంట్‌లో కరిగిపోతుంది, పాలిథిన్ చల్లటి సాల్వెంట్‌లో కరగక రాయి మీదే ఉండిపోతుంది. దాన్ని తీయాలంటే డెకాలిన్ లాంటి సాల్వెంట్‌లో వేడి చేసి కరిగించాలి. ప్రతి ల్యాబ్‌లో చేయరు. అడిగితే చేయించొచ్చు.

నెదర్లాండ్స్ తెలుగు
మధ్యలో దూరుతున్నా. ఇక్కడ జ్వోలే ఊళ్లో 2018 సెప్టెంబరులో 30 మీటర్ల సైకిల్ దారి మొత్తం ప్లాస్టిక్‌తోనే వేశారు. మన పద్ధతికీ దీనికీ పోలికే లేదు. ఇది తారులో కలిపేది కాదు, ఫ్యాక్టరీలో చేసిన పెట్టెల్లాంటి దిమ్మెలు తెచ్చి పేరుస్తారు. లోపల డొల్ల. వాన నీళ్లు అందులో నిలవ ఉంటాయి, కేబుళ్లు కూడా లాగొచ్చు. యూట్యూబ్‌లో "ప్లాస్టిక్ రోడ్" అని వెతికితే రెండూ కలిపి చూపిస్తారు, కుర్రోడు గారు చూసింది ఏదో మరి. మన లారీల బరువుకి దీన్ని పోల్చొద్దు, ఇది సైకిళ్లకి.

గాలిమాట
సరే, సీరియస్‌గా ఒకటి అడుగుతా. రోడ్లలో వేసేస్తే దేశంలో ప్లాస్టిక్ సమస్య తీరిపోతుందని పేపర్లో రాస్తుంటారు. నిజమా?

బీటెక్ సివిల్ కాకినాడ
లెక్క వేశా. సీపీసీబీ ప్రకారం 2020–21లో దేశంలో ప్లాస్టిక్ వ్యర్థాలు 41 లక్షల టన్నులు. డీఈ సార్ లెక్కలో సింగిల్ లేన్ కిలోమీటరుకి ముప్పాతిక టన్ను. మొత్తం రోడ్లలోకే పోవాలంటే ఏడాదికి దాదాపు 55 లక్షల కిలోమీటర్లు వేయాలి. దేశంలో రోడ్లన్నీ కలిపితేనే 63 లక్షల కిలోమీటర్ల చిల్లర. ప్రతి ఏడూ దేశం మొత్తం రోడ్లు కొత్తగా వేసుకుంటూ పోవాలి 😅

చెత్తబండి
గా లెక్క మస్తు నచ్చింది తమ్మీ. అయినా మొత్తం ఎందుకు, ఎవ్వలు కొనని చిప్స్ ప్యాకెట్లొక్కటి పోయినా నాకు చాలు.

నెదర్లాండ్స్ తెలుగు
రోడ్డు అరిగినప్పుడు మైక్రోప్లాస్టిక్ పొలాల్లోకి పోదా? ఇక్కడ ముందు అడిగే ప్రశ్న ఇది.

కెమిస్ట్రీ మేడం
అడగాల్సిన ప్రశ్నే. సరిగ్గా పొర కట్టిన ప్లాస్టిక్ తారు కింద, రాయికి అంటుకుని ఉంటుంది, కాబట్టి రోడ్డు బాగున్నంతకాలం బయటపడే అవకాశం తక్కువ. నాకు భయం మామగారు చెప్పిన ఉండకట్టిన పీలికల దగ్గర, కంకర చిప్స్ లేచిపోయిన రోడ్ల దగ్గర. ఇంకా, పాత రోడ్డును గీకి ఆ మాలును మట్టిలో పోసినప్పుడు. గీకిన మాలును తిరిగి రోడ్డులోనే వాడాలని నా అభిప్రాయం. టైర్ల అరుగుదల నుంచి వచ్చే పొడి ఏ రోడ్డు మీదైనా ఉండేదే, దాన్ని దీని ఖాతాలో వేయకూడదు.

పల్నాటి కుర్రోడు
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. నాన్నకి 110 డిగ్రీల సంగతి చదివి వినిపించాను. "అయితే సరే, నల్లరేగడి సంగతేంటో కూడా అడుగు" అన్నాడు. పాత రోడ్డు వానాకాలం రెండు పక్కలా కుంగి మధ్యలో పగిలింది.

రిటైర్డ్ డీఈ
మీ నాన్నగారు ఇంజినీరు కావాల్సిన మనిషి. ప్లాస్టిక్ ఉండేది పై 25 మి.మీ.లో. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ కదలిక కింద ఒక మీటరు లోతు నుంచి వస్తుంది. పైన ప్లాస్టిక్ వేసినా, పట్టుబట్ట వేసినా ఆగదు. మీరు చెప్పిన లక్షణం, అంచులు కుంగి మధ్యలో పగలడం, పక్కన నీళ్లు నిలిచి కింద మట్టి మెత్తబడటమే. జీఎస్‌బీ, అంటే మట్టి మీద అడుగున వేసే కంకర పొర, అంచుదాకా ఉండి నీళ్లు బయటికి పోనివ్వాలి. బెర్ములు, అంటే రోడ్డు పక్క మట్టి అంచులు, రోడ్డు కంటే ఎత్తుగా ఉండకూడదు. పక్క కాలువ పూడిపోకూడదు. పాత రోడ్డు మీదే నేరుగా పైపొర వేస్తున్నారా, కుంగినచోట తవ్వి కింద నుంచి కడుతున్నారా అన్నది ఎస్టిమేట్‌లో చూడండి. పంచాయతీలో అడిగితే చూపించాలి. ప్లాస్టిక్ గురించి పదిమంది అడుగుతారు, కాలువ గురించి ఒక్కరూ అడగరు.

హాట్‌మిక్స్ మామ
కుర్రోడా, ప్లాంట్‌కు ఒకసారి పోయి రా. గొడవకి పోవద్దు, చూట్టానికి పో. బస్తాలో చెయ్యి పెట్టి చూడు, పొడిగా ఉందా, మట్టి ఉందా, ముక్క సైజెంత. ప్లాస్టిక్ ఎక్కడ నుంచి, ఎలా పడుతోంది. ఆపరేటర్ దగ్గర కంకర వేడి చూపించే మీటర్ పనిచేస్తుందా. పొగ గొట్టంలో నల్లపొగ ఆగకుండా వస్తుంటే అర్థం చేసుకో. జాబ్ మిక్స్ ఫార్ములా, అంటే ఏది ఎంత కలపాలో రాసిన కాగితం అడుగు, అందులో ప్లాస్టిక్ శాతం రాసి ఉంటుంది. దాని ప్రకారం రోజుకి ఎన్ని బస్తాలు ఖర్చవ్వాలో లెక్క కట్టొచ్చు. సాయంత్రం ఖాళీ బస్తాలు లెక్కపెట్టు చాలు.

పల్నాటి కుర్రోడు
ప్లాంట్‌కి మా ఫ్రెండ్స్‌తో పోయొచ్చా. బెల్టు లేదు, మగ్గే. కానీ ఇద్దరు మనుషుల్ని పెట్టారు. బస్తాలు పొడిగానే ఉన్నాయి. రెండు మూడు బస్తాల్లో మందంగా, ఒకవైపు తెల్లగా, ఇంకోవైపు రంగులతో ముక్కలు కనిపించాయి. ఒక ముక్క మీద ఎవరిదో మీసం కూడా ఉంది. ఫ్లెక్సీయే. మేడం గారు చెప్పకపోతే గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఫోటో పంపితే ఆ బస్తాలు పక్కన పెట్టించారు. జాబ్ మిక్స్ కాగితం రేపు ఇస్తామన్నారు.

ఎస్టిమేట్ మాత్రం డీఈ సార్ అనుమానించినట్టే ఉంది. కుంగిన రెండు చోట్ల తవ్వి కట్టడం ఉంది, పక్క కాలువ లేదు. కాలువ "వేరే పని" అంటున్నారు.

రిటైర్డ్ డీఈ
వేరే పని అన్నది నిజమే కావచ్చు. అయితే ఆ వేరే పని ఎప్పుడో రాతపూర్వకంగా అడగండి. మట్టి కాలువ తవ్వకం ఉపాధి హామీలో పెట్టించుకునే వీలుంటుంది, గ్రామసభ తీర్మానం చేయించండి. పైపొర పడకముందే కాలువ తవ్వితే మేలు. తర్వాత జేసీబీ వచ్చిందంటే కొత్త రోడ్డు అంచు కొరికేస్తుంది. డిఫెక్ట్ లయబిలిటీ, అంటే రోడ్డు చెడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు, ఎన్నేళ్లో అగ్రిమెంట్‌లో చూసి పెట్టుకోండి, సడక్ యోజన పని అయితే ఐదేళ్లు వాళ్లే చూడాలి.

పల్నాటి కుర్రోడు
సోమవారం సర్పంచ్ గారిని కలుస్తున్నాం సార్. మామా, ఒక చివరి డౌటు. నీళ్లు పక్కలకు పోయేలా రోడ్డు నడుమ ఎత్తు సరిగ్గా పెట్టారో లేదో ఎలా తెలుస్తుంది? మా దగ్గర పరికరాలేం లేవు.

హాట్‌మిక్స్ మామ
రోలర్ పోయి చల్లారాక నడి రోడ్డు మీద ఒక బకెట్ నీళ్లు కుమ్మరించు. రెండు పక్కలకీ పారి అంచు దాటితే సరే. మధ్యలో ఎక్కడైనా మడుగు కట్టిందా, అక్కడ సున్నంతో గుండ్రం గీసి ఫోటో తీసి ఏఈకి పంపు. అయితే బిల్లు అవ్వకముందు పంపు.